‘ఆవగింజ తోట’ చిత్రలేఖన గ్రంథం: లక్షణానికీ లక్ష్యానికీ నడుమ

ప్రకృతి దృశ్య చిత్రణను కొయ్య అచ్చుల ద్వారా బోధించిన చైనా గ్రంథాలలో ‘జియెజి యువాన్ హువాజువాన్’ మిక్కిలి ప్రసిద్ధం. ఇది చిత్రకారులను అనుకర్తలుగా మార్చిందన్నది దీనిపై ప్రధానమైన ఆక్షేపణ. ఆ ఆక్షేపణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథంలోని మొదటి భాగం 1679లో నాన్‌జింగ్‌లో వెలువడింది. మింగ్ యుగ చిత్రకారుడు లీ ల్యూఫాంగ్ బోధన చిత్రాలను ఆధారంగా తీసుకొని వాంగ్ గై దీన్ని విస్తరించాడు. నాటకకర్త లీ యూ పీఠిక రాశాడు. ఆయన ఇంటి పేరే గ్రంథానికి పేరయింది. సాధారణ సూత్రాలు, చెట్లు, కొండలూ రాళ్లూ, మనుషులూ కట్టడాలూ, పూర్వాచార్యుల నమూనాలు అన్నవి ఇందులోని ఐదు సంపుటాల విషయాలు.

బోధనక్రమం వ్యాకరణాన్ని తలపిస్తుంది. ముందు ఆకులు లేని చెట్టు, ఆపైన ఆకుల చుక్కలు. మిరియపు చుక్క, ఎలుకపాదపు చుక్క అంటూ ప్రతి చుక్కకూ ఒక పేరు ఉంది. కొండ ఉపరితలాన్ని చూపే గీతలను ‘త్సున్’ అంటారు. వాటిలో జనపనార గీతకు దుంగ్ యువాన్, గొడ్డలివేటు గీతకు లీ థాంగ్ ఆదర్శప్రాయులు. అంటే ఇక్కడ లక్షణం శూన్యంలో పుట్టలేదు, లక్ష్యం నుంచి వచ్చింది.

అసలు చిక్కు కొయ్యలో ఉంది. కుంచె ఒక్క కదలికతో వేసిన గీతకు చెక్కేవాడు ఇరువైపులా కొయ్యను తొలగించి రెండు అంచులు తీర్చాలి. గీత ఆకారం మిగులుతుంది. దాన్ని గీసిన వేగం, సిరా తడి, కుంచె పొడిబారిన క్షణం చాలావరకు జారిపోతాయి. గొడ్డలివేటు గీతకు ప్రాణం కుంచెను వాల్చి లాగిన ఊపు. అచ్చులో అది కోణాకారపు గుర్తుగా మాత్రమే కనిపిస్తుంది. కనుక అచ్చును చూసి నేర్చినవాడు గీతను గుర్తుపట్టగలడు గాని, అంతమాత్రాన గీయలేడు.

అయితే ఈ లోపాన్ని దోషంగానే లెక్కించడం తొందరపాటు. గురువూ, మూలచిత్రాల సేకరణా అందని వారికి ఈ పుస్తకం తలుపు తీసింది. హునాన్ పల్లెలో వడ్రంగిగా ఉన్న ఛీ బైషీ (1864–1957) యౌవనంలో దీన్ని అరువు తెచ్చుకుని నకలు చేసుకున్నాడు. తరువాత ఆయన చిత్రాలు ఏ నమూనాకూ బందీలు కాలేదు. జపాన్‌లో ఇకె నో తైగా వంటి నంగా చిత్రకారులకూ చైనా పద్ధతులు చేరిన దారులలో ఈ గ్రంథం ముఖ్యమైనది.

వాంగ్ గై స్వయంగా నియమాన్ని గమ్యంగా చెప్పలేదు. నియమంతో మొదలుపెట్టి, నియమం కనిపించని స్థితికి చేరాలన్నదే ఆయన ఆశయం. లక్షణగ్రంథం చదివినంత మాత్రాన కవి కాలేడని మన సంప్రదాయానికీ తెలుసు. అందువల్ల ఆక్షేపణ నిలిచేది గ్రంథం మీద కాదు, మొదటి మెట్టును ఇల్లనుకున్న పాఠకుల మీద. కొయ్య ఇవ్వలేని ఊపిరిని చేయి వెతుక్కోవాలి. ఆ ఖాళీని మిగల్చడంలోనే ఈ గ్రంథం పరిమితీ, ప్రయోజనమూ కలిసి ఉన్నాయి.