లోహపు అలసట: ఒక పారిభాషిక పదవిమర్శ

శాస్త్రవిషయములను తెలుగున వ్రాయువారు తఱచుగా ఆంగ్లపదమునకు నిఘంటువు చూపు మొదటి అర్థమును గ్రహించి తృప్తిపడుదురు. మరల మరల భారము పడుటచే లోహము విఱుగుటను ‘అలసట’ అనుట అట్టిదే. ఈ మాట వస్తుతత్త్వమును ఎంతవఱకు తెలుపుచున్నది, ఎచ్చట దారి తప్పించుచున్నది అనునది విచారింపదగినది. ఇందులకు కోలారు బంగారు గనులకంటె తగిన పరీక్షాస్థలము తెలుగువారి చేరువలో అరుదు.

గనులకును ఈ శాస్త్రమునకును పుట్టుకతోడనే సంబంధము కలదు. జర్మనీదేశమున క్లౌస్తాల్ గనుల అధికారియగు విల్హెల్మ్ ఆల్బర్ట్, బరువులెత్తు ఇనుప గొలుసులను పదేపదే పరీక్షించి 1837లో ఫలితములను ప్రకటించెను. 1834లో ఇనుప తీగలు పేనిన త్రాటిని గనులలో ప్రవేశపెట్టినవాడును అతడే. పిమ్మట ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి, ఒక్కసారి పడినచో ఏ హానియు చేయని భారమే లక్షలసార్లు పడినచో ఉక్కును విఱుచునని నిరూపించెను.

కోలారులో 1880లో జాన్ టేలర్ కంపెనీ పని చేపట్టెను. 2001లో గనులు మూతపడునాటికి చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయి యుండెను. అచ్చట దిగువారి ప్రాణములు ఉక్కు త్రాటిపై వ్రేలాడినవి. రాతిని తొలిచిన పని ఉక్కు కడ్డీది. డ్రిల్లు కడ్డీపై నిమిషమునకు 2,000 దెబ్బలనుకొన్నను, 500 నిమిషములలో అవి 10 లక్షలగును. ప్రతి దెబ్బకు ఒత్తిడి తరంగము కడ్డీ వెంట పరుగెత్తును. దానిలో కొంత వెనుకకు మరలి లాగుడుగా మాఱును. కడ్డీ నడిమి రంధ్రమున పారు నీటిచే తుప్పుపట్టి గుంటపడిన చోట సన్నని బీట పుట్టి, దెబ్బదెబ్బకు పెరుగును.

ఈ స్థితికి ‘అలసట’ యను పేరు మూడు విధముల సరిపడదు. మొదటిది: అలసిన మనుష్యుడు ఒక రాత్రి నిద్రించినచో తేఱుకొనును. బీటపడిన కడ్డీకి విశ్రాంతి మందు కాదు. తడిలో పడియున్నచో తుప్పుచే ఇంకను చెడును. రెండవది: అలసట ఒడలెల్ల వ్యాపించును. లోహమున చేటు ఒక్కచోటనే యుండును. తక్కిన కడ్డీ మునుపటి బలముతోనే యుండును. కదలికచే ఇనుము లోపలెల్ల స్ఫటికముగా మాఱునని పందొమ్మిదవ శతాబ్దిలో పలువురు నమ్మిరి. 1903లో ఈవింగ్, హంఫ్రీ అను శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో జాఱుడు గీతలు తోచుటను, వానినుండి బీటలు పుట్టుటను చూపి ఆ భ్రమను సడలించిరి. మూడవది: అలసట ముఖమున కనబడును. ఉక్కు తుదిక్షణమువఱకు నిండుగా కనబడి, ఒక్కుమ్మడి విఱుగవచ్చును.

పేరు తప్పినచో చూపు తప్పుననుటకు కోలారులోనే మఱొక నిదర్శనము కలదు. లోతున ఒత్తిడికి రాయి పగిలి ఎగురుటను అచ్చటివారు తొలినాళ్ళలో ‘ఎయిర్ బ్లాస్టు’ అనెడివారు. ఆ మాట కార్యమగు గాలి విసురును చెప్పెను గాని, కారణమగు రాతి పగులును చెప్పలేదు.

అయినను ‘అలసట’ యందు ఒక గుణము లేకపోలేదు. చిన్న శ్రమయే పలుమాఱులైనచో పెద్ద కీడగునను సత్యమును అది సామాన్యుని చెవికి సులభముగా చేర్చును. కావున ఆ మాటను వెలివేయ నక్కఱలేదు. దాని ప్రక్కన ‘బీట పెరుగుదల’ యను తేటతెలుగు మాటను నిలుపవలెను. 1960వ దశకమున పాల్ పారిస్ చూపినదియు ఇదియే: బీట మొనవద్ద ఒత్తిడి ఎంత హెచ్చుతగ్గులగునో తెలిసినచో, మధ్యదశలో ఒక్కొక్క ఆవృత్తికి ఆ బీట ఎంత పెరుగునో లెక్కింపవచ్చును.

ఇది కేవలము పదవివాదము కాదు. ‘అలసట’ యని మాత్రమే నేర్చిన పనివాడు త్రాటికి విశ్రాంతి నిచ్చి మరల వాడును. ‘బీట’ యని నేర్చినవాడు దానిని వెదకును; తెగిన తీగలను లెక్కించి, హద్దు దాటిన త్రాటిని తొలగించును. ఈ రెండు మాటల నడుమ త్రాటి క్రింద నిలిచిన మనుష్యుని ప్రాణమున్నది. పారిభాషిక పదములను కూర్చువారు మఱువరాని దిదియే.