విక్రయపత్రమున అనుక్తము

కావ్యమున చెప్పక విడిచినది శోభ యగును. విక్రయపత్రమున చెప్పక విడిచినది దోషమగును. ఈ భేదమును విచారించుటయే మా యుద్దేశము. దస్తావేజు సాహిత్యవిమర్శకు తగదని తలచువారు కలరు. కాని శాసనములను భాషాచరిత్రకు ఆధారములుగా గైకొన్న మనము వాని సంతతియైన దస్తావేజును ఉపేక్షించుట న్యాయము కాదు.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలమున రామతీర్థము సముద్రతీరమున నున్నది. అట్టి తీరమున, మరమ్మతు కోరుచున్న యొక పెద్ద మేడ అమ్మకమునకు వచ్చిన దనుకొందము. సంప్రదాయవాక్యము మనమెరిగినదే: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములతో, పుత్రపౌత్రపారంపర్యముగా, ఆచంద్రార్కముగా అనుభవింపవలసినదని. ఈ యెనిమిదియు లాభములే. 'ఆగామి' రాబోవు ఫలమును చెప్పును గాని రాబోవు నష్టమును చెప్పదు. దానశాసనమునకు ఈ భాష తగును. దాత వెల పుచ్చుకొనడు. వెల పుచ్చుకొను విక్రేతకు ఇది చాలునా?

చాలదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పినది. దాని 55వ సెక్షను ననుసరించి, తా నెరిగియుండి, కొనువాడెరుగక, సామాన్యమైన జాగ్రత్తచే కనుగొనజాలని ముఖ్యదోషమును విక్రేత తెలుపవలెను. తెలుపకుండుట వంచన యని అచ్చటనే యున్నది. విరిగిన తలుపు కంటికి కనబడును. ఉప్పుగాలి సంగతి వేరు. అందలి లవణము కాంక్రీటున జొచ్చి లోని యినుమును తుప్పు పట్టించును. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగుల్చును. పగులుపై కొత్తపూత వేసి మౌనము వహించుట ధ్వని కాదు. ధ్వనియందు అనుక్తార్థము సహృదయునికి అందవలెనను కోరిక కలదు. ఇచ్చట అందరాదను కోరిక కలదు. రెండు మౌనములకును గల భేదమిదియే.

ఇక చతుస్సీమలు. 'తూర్పున సముద్రము' అని వ్రాసినచో అది కదలు హద్దు. హరివంశకథలో సముద్రుడు వెనుకకు తగ్గి ద్వారకకు చోటిచ్చెను. మౌసలపర్వమున ఆ ద్వారకనే ముంచివేసెను. ఆ పర్వమును తెనిగించిన తిక్కన నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానకవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ జిల్లా తీరమును తాకినది. ఇట్టిచోట 'ఆచంద్రార్కము' అను మాట అలంకారముగానైనను నిలువదు. అంతేకాక 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారము, జనసాంద్రత తక్కువైన గ్రామీణతీరమున పోటుగీతకు 200 మీటర్లలోపల కొత్తకట్టడము సాధారణముగా కూడదు. అనుమతితో కట్టిన పాతయింటిని, ఉన్న పరిమాణమునకు మించకుండ, బాగుచేసికొనవచ్చును. కావున ఆ యింటి పాత అనుమతిపత్రము గోడలకంటె విలువైనది. మేడను పెంచుకొందమను ఆశతో కొనువానికి ఈ మాట చెప్పకున్న, అమ్మినది ఇల్లు కాదు, ఆశ.

దోషములను వ్రాసినచో కొనువాడెవ్వడని యాక్షేపింపవచ్చును. వెల కొంత తగ్గునేమో. కాని వ్రాసిన దోషము విక్రేతకే రక్ష. తెలిసి కొన్నవాడు పిదప తెలియదని వాదింపజాలడు. కావున అష్టభోగముల సరసన దోషములకును ఒక పంక్తి యుండవలెనని మా యభిప్రాయము. తీరగ్రామముల పాతపత్రములను సేకరించి, అం దేమి చెప్పిరో గాక ఏమి చెప్పలేదో పరిశీలించుట పరిశోధక విద్యార్థులకు తగిన పని.