ఉప్పుగాలిలో ఒక గది

అంతర్వేదిలో సాగరతీరమునకు కూతవేటు దూరమున నున్న యొక చిన్న లాడ్జిలో మాఘపౌర్ణమికి రెండు రాత్రులుంటిని. అమలాపురమున బస్సెక్కి, రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి దాటి, కొబ్బరితోటల చల్లని నీడ విడిచి ఒక్కమారుగా ఇసుక వెలుగులోనికి వచ్చిపడిన నాకు ఆ గదికడ ముందుగా కంటబడినది తలుపునకు వ్రేలాడుచున్న తాళముకప్ప. గదులూడ్చు నామె, ఏబదియేండ్లు దాటిన మనిషి, చిన్న సీసాలోని కొబ్బరినూనెలో కోడియీక ముంచి, కప్ప కన్నములో రెండు చుక్కలు విడిచి, చెవిని మూడుమార్లు త్రిప్పి, వెలికి కారిన నూనెను కొంగుతో ఒత్తి తుడిచి, తాళము నా చేతికిచ్చినది. ఎందులకమ్మా యని యడిగితిని.

“ఉప్పుగాలండి బాబుగారూ. రోజూ ఓ సుక్కెయ్యాపోతే ఇంక తలుపు బద్దలుగొట్టుకోడవేనండి, ఆయ్.”

సముద్రతీరమున చౌక గది నొకదానిని నివాసయోగ్యముగ నిలుపుట యెంతటి విద్యయో నా కప్పుడు తోచినది. లవణకణములు ఇనుముపై వ్రాలి యూరకుండవు. గాలిలోని తేమను తమకడకు లాగుకొని, ఎండ కాసిన దినమునందును లోహమును తడిగా నుంచి, బందులను, చీలలను, ఫ్యాను రెక్కలను లోలోపల తినివేయుచుండును. దుప్పటి గతియు నట్టిదే. ఉప్పునీట నుతికిన బట్ట తీగపై దినమంతయు ఆరినను సాయంకాలమునకు మరల చెమ్మగిల్లి ఒంటికి అంటుకొనును. అందుచే ఆమె ఎన్ని దుప్పట్లైనను ఉప్పునీటనే ఉతికి, తుది జాడింపునకు మాత్రము తప్పక మంచినీరు వాడును. ఆ రాత్రి నేను కప్పుకొన్న దుప్పటి అంచున కుట్టు విడిపోయి యుండెను. మూడుచోట్ల తెల్లదారముతో మరల కుట్టియుండెను. గరగరలాడుచు పొడిగా నుండెను. ఇంతకు ఆరింతలు అద్దె గుంజిన మరియొక తీరమునందలి హోటలులో, అద్దాల తలుపుల నడుమ, చెమ్మకంపు గొట్టు పరుపుపై నిదురరాక తెల్లవార్లు కూర్చున్న రాత్రి నాకు జ్ఞప్తికి వచ్చినది.

నీటి సంగతి కొంత విపులముగ చెప్పవలెను. ఈ తీరగ్రామములలో మంచినీరు ఇసుకదిబ్బల క్రింద పలుచని పొరగా నుండును. వానలకు దిగిన తీపినీరు తేలికది గనుక, బరువైన సముద్రజలముపై తేలియుండును. మోటారు పెట్టి ఆత్రముగా లాగితిమా, క్రిందనున్న ఉప్పు పైకెక్కును. ఎక్కినది తొందరగా దిగదు. ఆ లాడ్జిలో మోటారును ప్రొద్దున కొంతసేపు, సాయంకాలము కొంతసేపు మాత్రమే త్రిప్పుదురు. వసారా కొసను రెండు డ్రమ్ములు: ఒకటి మంచినీరు, ఒకటి ఉప్పునీరు. అతిథికి ఇంకొక బకెట్టు కావలసివచ్చినపుడు ఏ డ్రమ్ము ముంచవలెనో నిర్ణయించుటలో ఆమె చూపు జాగ్రత్త, మా నాయనమ్మ పండుగనాడు నేయి వడ్డించుటలో చూపిన జాగ్రత్త వంటిది.

అన్నదానమునకు పేరుగన్న సీమ యిది. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవ్వరు వచ్చి తలుపు తట్టినను వండి వడ్డించిన యిల్లాలు. ఆ తల్లి యొకమారు ఈ అంతర్వేది స్వామినే సేవింప బయలుదేరి, దారిలో విశ్రమించిన చోట, ఆకలిగొని తన యింటికే పోవుచున్న వారి మాటలు చెవిని బడగా, దర్శనము మానుకొని వెనుకకు మరలెనని మా వైపువారు నేటికిని చెప్పుకొందురు. గన్నవరముకడ వైనతేయ గోదావరిపై నున్న కొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. ధర్మమునకు పెట్టిన అన్నము వేరు, అద్దెకిచ్చిన గది వేరని నే నెరుగనివాడను గాను. రూకలు పుచ్చుకొన్నంత మాత్రమున వచ్చినవాడు అతిథి గాకపోవునా యన్నదే నా విచారము. చౌక గదిలో శుభ్రమడుగుట అత్యాశ యని ఈసడించు యజమానులను ఎన్నో ఊళ్ల చూచితిని. దూరమునుండి వచ్చిన బీదయాత్రికునికి ఆ చౌక గది తప్ప వేరొక గది లేదు. పొడి దుప్పటి కాని, తీపినీరు కాని అతనికి దొరకిన నచ్చటనే దొరకవలెను.

పౌర్ణమినాటి రాత్రి సముద్రము పోటుమీద నుండెను. ఇటీవలి యేండ్లలో అల ముందునకు వచ్చి తీరమును కోయుచుండుటచే ఆ ఘోష మునుపటికంటె దగ్గరగా వినవచ్చుచున్నది. తొమ్మిదిగంటల వేళ, నరసాపురము వైపునుండి పంటుపై గోదావరి దాటి వచ్చిన కుటుంబ మొకటి, ఒక ముసలితల్లి, భార్యాభర్తలు, నిదురతో తూలుచున్న ఇద్దరు పసివాండ్రు, వాకిట నిలిచిరి. గదులు లేవని బల్లకడి కుర్రవాడు చెప్పుచునే యుండెను. లోపలినుండి ఆమె వచ్చినది.

“పిల్లల్తో ఈ రాత్రేళ ఎక్కడికెల్తారండి? వసారాలో సాపలేత్తానుండండి.”

చాపలను బయటకు తెచ్చి, ఒక్కొక్కదానిని తిరగవేసి గోడకు కొట్టి, ఇసుక రాలుట మానునంతవరకు దులిపి పరచినది. నా గదిలోని రెండవ దుప్పటి తెచ్చి నేనిచ్చితిని. దానిని ముసలమ్మకు కప్పినది.

“ఎడంపక్క డ్రమ్ము మంచినీళ్లండి, తాగడానికి. కుడిపక్కది కాళ్లు కడుక్కోడానికండి. ఇసక పోయేదాకా కడుక్కోండి పిల్లలూ, ఇసకుంటే నిద్దర పట్టదు.”

అని, గూటిలోని నూనెసీసా తీసికొని వీథితలుపు వైపునకు నడచినది.