ఫలక్‌నుమా కథలో పేరు లేని ఆవిడ

ఫలక్‌నుమా గురించి ఎవరు రాసినా ఒకటే వరస. పాయిగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు, అప్పుల పాలయ్యాడు, మహలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి పోయింది. 2010 నవంబరులో తాజ్ హోటలయింది. నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల సంగతి ఎవరూ వదలరు. ఆ నూటొక్క కంచాలు కడిగిందెవరో ఎవరూ అడగరు.

మహలుని నిజాంకి కానుకగా ఇచ్చేస్తే పరువు దక్కుతుందని ఉపాయం చెప్పింది నవాబు భార్యేనంటారు. నిజమైతే ఈ కథంతా మలుపు తిరిగింది ఆవిడ మాట మీదే. అయినా ఆవిడ ‘లేడీ వికార్ ఉల్ ఉమ్రా’గానే మిగిలిపోయింది. సొంత పేరు రాసినవాళ్లు అరుదు.

నూరేళ్ల తర్వాత ఎస్రా వచ్చింది. ముకర్రం ఝా నుంచి ఎప్పుడో విడాకులు తీసుకున్న మనిషి. ఆ కుటుంబం ఆస్తుల చిక్కులు విప్పటానికి పూనుకుంది, దాదాపు పదేళ్లు మరమ్మతులు దగ్గరుండి చూసుకుంది. వ్యాసాలు మాత్రం తెరల రంగుల్లో ఆవిడ అభిరుచినే మెచ్చుకుంటాయి! అదే పని మగవాడు చేస్తే దక్షత అనేవారు.

మా శ్రీకూర్మం గుడి స్తంభాల మీదా అంతే. దాతల పేర్లు చెక్కారు, రాళ్లు మోసినవాళ్లవి కాదు.

మా వైపు విజయనగరం కోట హోటలు కాలేదు. పి.వి.జి. రాజు 1958లో పెట్టిన మాన్సాస్ ట్రస్టు కాలేజీలు అందులో నడిచాయి. రాణులు ఘోషాలో బతికిన చోటికి ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని వెళ్లారు. కోట చరిత్ర రాసేవాళ్లు బొబ్బిలి యుద్ధం దగ్గరే ఆగిపోతారెందుకో.