అరువు గొంతులో అరుపు

రాక్ సంగీతం అనగానే మనం ముందే రాసిపెట్టుకున్న తీర్పు ఒకటుంది: సామ్రాజ్యవాద సంస్కృతి దిగుమతి, కలిగినింటి కుర్రకారు చిందులు. ఆ తీర్పుమీద నేనూ సంతకం చేసినవాణ్ణే. మా మేనల్లుడి ఇంట్లో వారంరోజులున్నాక ఆ సంతకాన్ని కొంతవరకు వెనక్కి తీసుకోక తప్పటంలేదు.

అతడు మాదాపూర్లో ఒక కంపెనీ ఉద్యోగి. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన తర్వాత ఆ బండలమధ్య పెరిగిన ఊళ్ళో, అమెరికా పగటికోసం రాత్రుళ్ళు పనిచేస్తాడు. తెల్లవారి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బ్లాక్ సబాత్ వింటాడు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బృందం బెంగుళూరులో వాయిస్తే రాత్రి బస్సెక్కి వెళ్ళాడట. ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం మాటెత్తితే అతని ముఖం మారుతుంది.

"ఏముందిరా అక్కడ?" అన్నాను.

"అందరం కలిసి అరిచాం మామయ్యా. ఆఫీసులో గొంతు పెంచకూడదుగా."

అతడు వినే సంగీతం పుట్టుక చూడండి. 1965లో బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో పడి పదిహేడేళ్ళ టోనీ అయోమీ రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత గిటారు తీగల బిగువు సడలించాడు. మనం రొద అనుకునే ఆ బరువైన నాదంలో గాయపడ్డ కార్మికుడి చెయ్యి ఉంది. (అదే ఏడు హైదరాబాదులో దిగంబరకవులు తమ తొలి సంపుటిని అర్ధరాత్రి రిక్షా కార్మికుడు నాంపల్లి పాండుచేత ఆవిష్కరింపజేశారు. వాళ్ళ కవిత్వాన్నీ రొదే అన్నారు మన పెద్దలు.) ఇది శ్రామికుల సంగీతం కాదనటం కేవలం అజ్ఞానం.

ఐతే దిగంబరుల కోపానికి చిరునామా ఉండేది. మావాడి కోపానికి లేదు. నిరుడు అతని జట్టులో సగంమందిచేత రాజీనామాలు రాయించుకున్నారు. ఇతడు మిగిలాడు. మిగిలినందుకు సిగ్గు, రేపు తన వంతేమోనన్న భయం. ఆ వారమంతా ఆ పాటలే విన్నాడు. పోయినవాళ్ళలో ఒక్కడికీ ఫోను చెయ్యలేదు. సోమవారం యథాప్రకారం డ్యూటీకి వెళ్ళాడు. నీ కోపం పిచ్చికాదని ఆ పాట అతనికి చెప్పింది. ఆ ఓదార్పే అతణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది. అభిమానులు మొదటిది మాత్రమే చూస్తారు, మనం రెండోది మాత్రమే.

"మరి గద్దర్ పాట?" అని అడిగాను.

"ఇష్టమే మామయ్యా. కాని అందులో మా నాన్న కనిపిస్తాడు, నేను కనిపించను."

నా సంచిలో ఉన్న సాఫ్ట్‌వేర్ కథల సంపుటాలు మూడు ఇచ్చాను. నిండా జీతాల గర్వం, విడాకులు, అమ్మానాన్నల ఒంటరితనం. నేను బయలుదేరేరోజున తిరిగిచ్చేస్తూ అన్నాడు: "మా షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందో కూడా వీళ్ళలో ఒక్కరూ రాయలేదు మామయ్యా."