యంత్రం గీసిన మనిషి

మనిషిని చిత్రించటమంటే ఏమిటన్న ప్రశ్న అభ్యుదయ విమర్శకు కొత్తది కాదు. జీవితంలోని ముఖ్య లక్షణాన్ని పట్టి చూపే పాత్ర ప్రాతినిధ్య పాత్ర. పదిమంది అనుకొనే మాటలను కుప్పపోసి చేసిన పాత్ర వట్టి అచ్చుబొమ్మ. ఈ భేదాన్ని మనం నవలకూ, నాటకానికీ, సినిమాకూ అన్వయిస్తూ వచ్చాము. నేడు కృత్రిమ మేధ బొమ్మలు గీస్తున్నది, వ్యాసాలు వ్రాస్తున్నది. దాని సృష్టినీ ఇదే గీటురాయిపై పరీక్షించవలసి వున్నది.

2023లో 'రెస్ట్ ఆఫ్ వరల్డ్' పత్రిక మిడ్‌జర్నీ అనే సాధనం చేత 'ఒక భారతీయ వ్యక్తి' బొమ్మలు వంద గీయించింది. దాదాపు అన్నింటిలోనూ కనిపించినవాడు ఒకడే: తలపాగా చుట్టి, గడ్డం పెంచిన వృద్ధుడు.

ఆ బొమ్మను పట్టుకొని నిజామాబాదు బస్టాండులో నిలబడి చూడండి. బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన యువకులు, పుస్తకాల సంచితో విద్యార్థినులు కనిపిస్తారు. బోధన్ అంగడిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపిస్తాయి. యంత్రం గీసిన భారతీయునిలో వీరెవరూ లేరు. జనాభాలో దాదాపు సగమైన స్త్రీయే లేదు!

యంత్రానికి ద్వేషం లేదు. తనకిచ్చిన బొమ్మల రాశినుండి నేర్చినదే తిరిగి చెబుతుంది. అయితే ఆ రాశిని పోసినదెవరు? మనిషిని శీర్షికగా మార్చే అలవాటు పాతది. నిజాం రాజ్యంలోని కులాలు, తెగలపై సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం 1920లో వెలువడింది. అందులో కులానికొక శీర్షిక, శీర్షికకొక వర్ణన. పాలించేవాడికి మనుషులకన్నా శీర్షికలే సులువు. నేటి యంత్రం ఆ అలవాటునే మహావేగంతో సాగిస్తున్నది.

"బొమ్మ తప్పయితే ఎవరి కడుపు కాలుతుంది?" అని కొందరు మిత్రులు అనవచ్చు. 2018లో జాయ్ బూలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు, ముఖం చూచి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వాణిజ్య సాధనాలను పరీక్షించారు. లేత చాయ పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. ముదురు చాయ స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా పోయినాయి. ఇటువంటి చూపునే పోలీసు కెమెరాకు అమరిస్తే దాని తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

కడుపు మాటకే వద్దాము. తెలంగాణ ప్రభుత్వపు 'సమగ్ర వేదిక' పేర్లనూ చిరునామాలనూ పోల్చి, ఎవరికి ఏమేమి ఆస్తులున్నవో లెక్కగడుతుంది. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒక మనిషిని పేరు పోలికవల్ల కారు యజమానిగా లెక్కించి, ఆ కుటుంబానికి బియ్యం నిరాకరించిన ఉదంతాన్ని 2024లో అల్ జజీరా బయటపెట్టింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రంలోకి వెళ్లి తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆదేశించింది. ఉర్దూ పేరును ఒక గుమాస్తా తెలుగులో ఒక తీరున, మరొకడు ఇంగ్లీషులో ఇంకొక తీరున వ్రాసే బోధన్ వంటి ఊళ్లో ఇటువంటి పోలిక ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అంతమాత్రాన యంత్రాన్ని శపించటం అభ్యుదయం కాదు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ బోధన్ పెరిగింది. 2002లో అందులో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రం తిరిగినందుకు కాదు, ఆగినందుకే కార్మికుడు ఏడ్చాడు. ఏ యంత్రాన్నయినా ఎవరి చేయి నడుపుతున్నదో, ఎవరికి జవాబు చెబుతున్నదో అదే అసలు ప్రశ్న.

కనుక మన బొమ్మలూ, మన యాసా ఆ రాశిలో చేర్చినంతమాత్రాన పని తీరదు. అధికారం మారకపోతే, మన ముఖాన్ని బాగా గుర్తుపట్టే యంత్రం మనల్ని బాగా వెంటాడే యంత్రం కూడా కాగలదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు యంత్రపు రచనను విమర్శకుని కంటితో చదవాలి. దాని లెక్కలను బహిరంగపరచమని ప్రభుత్వాన్ని అడగాలి. కార్డు పోయిన స్త్రీ "ఎందుకు తీసేసిండ్రు?" అని అడిగితే, ఆమె భాషలో కారణం చెప్పి, తప్పును దిద్దగల మనిషి బల్ల అవతల వుండాలి. ప్రాతినిధ్యమన్న మాటకు అక్కడే అర్థం మొదలవుతుంది.