కొవ్వు కణమా, దండం

ఎవడికైనా పొగరెక్కితే నీ పేరే పెడతారు, నడుము మందమైతే నిన్నే తిడతారు. ఆదివారం పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో మటన్ కొట్టు ముందు మాత్రం "జర కొవ్వెయ్యన్నా" అని అడిగి మరీ వేయించుకుంటారు. కొవ్వు కణమా, నీ విలువ తెలిసింది వాళ్లకే.

అక్కడ వేలాడే యాట కిడ్నీ చుట్టూ తెల్లగా గడ్డకట్టి ఉన్నావు. అది పిల్లగా పుట్టిననాడు అక్కడే గోధుమరంగులో ఉన్నావు. చలికాలం వేకువన తడి ఒంటితో నేల మీద పడ్డ గొర్రెపిల్లకు, కురుమ గొంగడి అందకముందే వెచ్చదనమిచ్చింది నువ్వే. నీలో యూసీపీ1 అనే జన్యువు మేలుకుని, శక్తిని దాచనీయకుండా వేడిగా మార్చి పారేసింది. పిల్ల తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంది. నెల తిరిగేసరికి ఆ జన్యువు సద్దుమణిగింది. నువ్వు తెల్లబడి దాచిపెట్టే పనిలోకి దిగావు.

నీ పుట్టుకే ఒక వింత. ఎముకో, కండో, కొవ్వో కాగల మూలకణం ఒకటి రక్తనాళం పక్కన ఒదిగి ఉంటుంది. 'వింట్' సంకేతాలు అందినంతకాలం అది కొవ్వు దారి పట్టదు. అవి తగ్గి, ఇన్సులిన్ లాంటి హార్మోన్లు పిలిస్తే ముందు సీఈబీపీ బీటా, డెల్టా అనే జన్యువులు లేస్తాయి, లేచి పీపార్ గామా అనే మరో జన్యువును లేపుతాయి. దీన్ని బలవంతంగా పెట్టిస్తే మామూలు కణం కూడా కొవ్వు కణమైపోతుందని 1994లో అమెరికాలో బ్రూస్ స్పీగల్‌మన్ బృందం చూపించింది. ఆపైన పీపార్ గామా, సీఈబీపీ ఆల్ఫా ఒకదాన్నొకటి నిద్రపోనీయవు. గాజు పళ్లెంలో చూస్తే సన్నగా సాగి ఉన్న కణం గుండ్రబడుతుంది. చిన్న చిన్న నూనె చుక్కలు పుట్టి, ఒకదానిలో ఒకటి కలిసి ఒకే పెద్ద బొట్టవుతాయి. పాపం, కేంద్రకం ఓ మూలకు నెట్టుకుపోతుంది!

రెండు పంటల నడుమ ఇల్లు నిలబెట్టే వడ్ల గుమ్మివి నువ్వు. గుమ్మి లేని ఇంట్లో వడ్లు ఎక్కడ పోస్తారు? పీపార్ గామా జన్యువు చెడి పుట్టిన కొందరికి కాళ్లూ చేతులూ కొవ్వు లేక సన్నబడతాయి. నిలవ చోటులేని కొవ్వు కాలేయంలో చేరుతుంది, చక్కెర జబ్బు చిన్న వయసులోనే పట్టుకుంటుంది. సన్నదనాన్ని మొక్కేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి వినాలి.

గుమ్మి పొంగిపొర్లిన కథా ఉంది. ఘన్‌పూర్‌లో రైలెక్కి సికింద్రాబాదులో దిగితే, తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. లేమి జబ్బుల కోసం కట్టిన ఆ ఇంట్లోనే, 1990లలో, విస్టార్ ఎలుకల సంతతిలో తనంతట తానే ఒక బొద్దు ఎలుక పుట్టింది. డబ్ల్యూఎన్ఐఎన్-ఓబీ అని పేరు పెట్టారు. ఒక్క జన్యువు తేడా, అంతే. తింటూనే ఉంటుంది. "ఇక చాలు" అని నువ్వు మెదడుకు పంపే లెప్టిన్ అనే హార్మోన్ దాని రక్తంలో తక్కువేమీ కాదు, మామూలు ఎలుకల కంటే ఎక్కువే. వినిపించుకోనిది మెదడు.